ఒంటి తూటా తుపాకికి దుర్భిణి

కేదారపేట మ్యూజియంలో తుపాకి అంటూ ఒక్కటే ఉంది. పక్కన ఒక పల్లకి, తాంబూలం ఉమ్మే తమ్మపడిగలు రెండు, కడుపులో గడ్డి కూరిన మొసలి ఉన్నా, క్యూరేటర్ గుత్తుల మంగతాయారుకు మాత్రం ఆ తుపాకే పంచప్రాణాలు. ఒకసారికి ఒక్క తూటా పట్టే తుపాకి అది. పేల్చాక వెనక ఉన్న చిన్న ఇనుప తలుపు తెరిచి, మళ్ళీ ఇంకో తూటా పెట్టుకోవాలి. నూట యాభై ఏళ్ళ కిందట జమీందారు పులివేట కోసమని సీమ నుంచి ఓడలో తెప్పించారు. కేదారపేట చుట్టుపక్కల పులులు లేవన్న సంగతి తుపాకి వచ్చాక గాని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందువల్ల అది చెక్కు చెదరకుండా మిగిలింది. కొయ్య మడమ మీద పురి విప్పిన నెమలి, గొట్టం పొడుగునా సన్నటి లతలు, ఎక్కడా ఒక్క గాటు లేదు.

మ్యూజియానికి సెలవైన సోమవారం కూడా మంగతాయారు వచ్చి దాన్ని నూనె గుడ్డతో తుడిచి వెళ్ళేది. "నా మోకాలికి రాయమంటే మాత్రం నూనె అయిపోయిందంటావు" అని ఆమె భర్త సణిగేవాడు.

ఇలా రోజులు గడుస్తుండగా ప్రాచీన ఆయుధ వైభవ సంస్థ కమిషనరుగారు విదేశాలకు వెళ్ళొచ్చారు. అక్కడ ఎవరో పెద్దమనుషులు తాతలనాటి ఒంటి తూటా తుపాకులకు, తాతలనాటి నమూనాలోనే కొత్తగా చేసిన పొడుగాటి దుర్భిణులు బిగించుకుని, గురికోసం దూరాన నిలబెట్టిన ఇనుప పంది బొమ్మల్ని కొడుతున్నారట. కమిషనరుగారు కూడా ఒక దుర్భిణికి కన్ను ఆనించి చూశారు. చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఆనందబాష్పమని ఆయన, కన్ను మరీ గట్టిగా ఆనించారని పక్కనున్నవాళ్ళు చెప్పుకున్నారు. ఏమైనా ఆయన తిరిగొచ్చిన వారానికే 'దూరదృష్టి' అనే పథకం పుట్టింది.

సర్క్యులర్ వచ్చింది. "రాష్ట్రమందలి సమస్త ప్రాచీన ఏకగుళికా తుపాకులకు, అవసరమైన రంధ్రములు చేసి, ప్రాచీన శైలిలో నూతనముగా నిర్మింపబడిన దుర్భిణులను ఉగాదిలోగా అమర్చవలెను. సదరు దుర్భిణి చూచుటకు నూట యాభై ఏళ్ళ నాటిదిగా ఉండవలెను. రెండేళ్ళ గ్యారంటీ కలిగి ఉండవలెను."

సర్క్యులర్ వెనకాలే పొడుగాటి చెక్కపెట్టె వచ్చింది. మ్యూజియం అటెండర్ నూకరాజు దాన్ని విప్పి, లోపలున్న ఇత్తడి గొట్టం బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడంగారూ! సన్నాయొచ్చిందండి. డోలు ఎనకాల పంపుతారేమోనండి" అన్నాడు.

పెట్టె అడుగున మరలూ, వాటిని బిగించే విధానం చెప్పే కాగితమూ ఉన్నాయి. తుపాకి గొట్టం మీద నాలుగుచోట్ల డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రాలు చెయ్యాలట. మంగతాయారు ఆ బొమ్మ చూసి, బొమ్మలో తుపాకి ఉన్నచోట తన వేలు పెట్టుకుని చూసుకుంది. వెంటనే ఉపసంచాలకులు కొప్పర్తి విరూపాక్షంగారికి ఫోన్ చేసింది. కాలువ అవతల కొత్తగా కట్టిన సమీకృత కార్యాలయ భవనంలో, పై అంతస్తులో ఆయన ఆఫీసు.

"సార్, పురావస్తువు మీద సూది గాటు కూడా పడకూడదని మన పాత రూలు ఉంది కదండి. ఇప్పుడేమో రంధ్రాలు చెయ్యమంటున్నారు."

"అమ్మా మంగతాయారుగారూ, ప్రభుత్వం ఏ ఉత్తర్వు జారీ చేసినా సమగ్ర దృక్పథంతో చేస్తుంది. పాత ఉత్తర్వు అమలులో ఉంది. కొత్త ఉత్తర్వు అమలులోకి వచ్చింది. రెంటినీ తు.చ. తప్పక పాటించవలసి ఉంటుంది."

"అంటే రంధ్రం చెయ్యాలి, గాటు పడకూడదు. అంతేనా అండి?"

"చక్కగా క్రోడీకరించారు."

"అదెలాగండి?"

"అది క్షేత్రస్థాయి అంశం" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

మంగతాయారుకు ఆ రాత్రి అన్నం సహించలేదు. వాదిస్తే విధేయత లేదంటారు. ఊరుకుంటే నెమలి పక్కన నాలుగు బొక్కలు పడతాయి. చివరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఉత్తర్వును కాదనకూడదు. వాళ్ళు ఊహించనంత శ్రద్ధగా పాటించాలి.

అమరిక పర్యవేక్షణకు ఒక సాంకేతిక సంఘం ఏర్పడింది. విరూపాక్షంగారు దానికి అధ్యక్షులు. సభ్యుడు భవనాల శాఖ ఇంజనీరు యాళ్ల దొరబాబు. తుపాకులు తెలిసినవాళ్ళు జిల్లాలో దొరకనందున, గొట్టం ఉన్న వస్తువు కాబట్టి నీటి గొట్టాలు వేయించిన అనుభవం సరిపోతుందని పై నుంచి తేల్చారు.

సంఘం వచ్చిన రోజున నూకరాజు పెద్దలొస్తున్నారని దుర్భిణిని చింతపండుతో పరపరా తోమి, ముగ్గుతో రుద్ది, అద్దంలా చేసి పెట్టాడు. విరూపాక్షంగారు దాన్ని చూసి నిర్ఘాంతపోయారు.

"ఏమిటీ అఘాయిత్యం? పెట్టెలోంచి వచ్చినప్పుడు నూట యాభై ఏళ్ళ వయసున్న వస్తువు! ఒక్క పూటలో పసిపిల్లను చేశావే!"

"మురికిగా ఉందనండి..." నూకరాజు నసిగాడు.

"అది మురికి కాదు. చరిత్ర!"

చరిత్రను తిరిగి తేవడానికి నూకరాజు ఆ గొట్టాన్ని ఒక పూట వంటింటి పొగలో వేలాడదీశాడు. దింపేసరికి అది మూడు వందల ఏళ్ళదిగా కనిపించింది. తేడాను విశేష ప్రగతిగా నమోదు చెయ్యమని విరూపాక్షంగారు సెలవిచ్చారు.

ఇక అసలు పని. దొరబాబు సంచీలోంచి డ్రిల్లింగ్ మిషన్ తీసి ప్లగ్గు కోసం గోడలు వెతుకుతున్నాడు. మంగతాయారు చేతులు కట్టుకుని, గొంతులో వినయం నింపుకుని అడిగింది.

"సార్, చిన్న సందేహమండి. 'అవసరమైన రంధ్రములు' అన్నారు సర్క్యులర్‌లో. ఎక్కడ చెయ్యాలో అన్నారా?"

విరూపాక్షంగారు సర్క్యులర్ తిరగేశారు. "అనలేదు."

"తుపాకికి దుర్భిణి అమర్చమన్నారు. తుపాకి గాజుపెట్టెలో ఉంది. ఆ గాజుపెట్టె మీద, సరిగ్గా గొట్టానికి ఎగువన దుర్భిణి బిగిస్తే అమర్చినట్టే కదండి? పాత రూలూ చెడదు."

దొరబాబు తల గోక్కున్నాడు. "అవునండోయ్. నా దగ్గర పైపు క్లాంపులున్నాయి. ట్యాంకులకేసేవి. గట్టిగా కూకుంటాయి."

"స్పర్శారహిత అమరిక!" విరూపాక్షంగారి ముఖం వికసించింది. పేరు తట్టిందంటే ఆయనకు పని అయిపోయినట్టే.

క్లాంపులు బిగించారు. గాజుపెట్టెలో తుపాకి, పెట్టె నెత్తిన దుర్భిణి. దొరబాబు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించాడు.

"ఏమి గోచరిస్తున్నది?" అడిగారు విరూపాక్షంగారు.

"సున్నం అండి."

గాజుపెట్టెకు నాలుగడుగుల దూరంలో గోడ ఉంది మరి. దూరదృష్టి పథకంలో గోడ దాకా మాత్రమే చూపు ఆనడం బాగుండదని అందరికీ అనిపించింది. పెట్టెను జరుపుదామంటే అది నేలకు అతికి ఉంది. మంగతాయారు మళ్ళీ గొంతు సవరించుకుంది.

"సార్, అవసరమైన రంధ్రం అంటే ఇదేనేమోనండి. గోడకి."

"గోడ ప్రాచీనం కాదా?"

"కాదండి" అన్నాడు దొరబాబు గర్వంగా. "నేనే కట్టించాను. మూడు వానలకే చెమ్మ దిగింది."

ఆ గోడ మీద గాటు పడితే చరిత్రకు నష్టమేమీ లేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మిషన్ బుర్రుమంది. ఇటుక పొడి రాలింది. గుప్పెడంత కంత పడి, అందులోంచి ఎండ లోపలికి జారింది. తుపాకి మీద ఈగ కూడా వాలలేదు.

కాని పూర్తి చేసి పంపవలసిన నివేదికలో ఇంకో గడి ఉంది. "గురి పరీక్ష: తూటా పేల్చి, తగిలిన చోటును దుర్భిణి ద్వారా నిర్ధారించవలెను." తుపాకికి తూటాలు తయారవడం మానేసి వందేళ్ళు దాటింది. లోపలి సుత్తి ఎన్నడూ వాడక బిగుసుకుపోయింది. అందరూ విరూపాక్షంగారి వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని, కాసేపు ఆలోచించి, కళ్ళు తెరిచారు.

"తుపాకి పేలిస్తే ఏమగును?"

"గోడకి బొక్క పడుద్దండి" అన్నాడు నూకరాజు.

"ఇప్పుడు గోడకు ఏమి ఉన్నది?"

"బొక్క అండి."

"దుర్భిణిలోంచి చూస్తే ఏది సరిగ్గా మధ్యలో కనబడుతున్నది?"

"ఆ బొక్కేనండి!"

"కావున తుపాకి పేలినట్లును, మొదటి తూటాకే గురి తప్పక తగిలినట్లును భావించవలెను" అని విరూపాక్షంగారు సంతకం పెట్టారు.

ఆ సిరా ఆరకముందే స్థానిక ఎస్సై వచ్చాడు. మ్యూజియంలో కాల్పులు జరిగినట్టు నివేదిక వెళ్ళిందనీ, తూటా ఎటు పోయిందో చెప్పమనీ అడిగాడు. కంతలోంచి బయటికి పోయిందని విరూపాక్షంగారు చెప్పారు. ఎస్సై కాలువ గట్టు మీద ఇద్దరు కానిస్టేబుళ్ళతో సాయంత్రం దాకా వెతికించి, తూటా నీళ్ళలో పడి కొట్టుకుపోయి ఉంటుందని రాసుకుని వెళ్ళాడు.

ఉగాది ముందురోజు కమిషనరుగారు స్వయంగా వచ్చి ప్రారంభోత్సవం చేశారు. మెడలో దండ తియ్యకుండానే దుర్భిణికి కన్ను ఆనించారు. గొట్టంలోంచి, కంతలోంచి, కాలువ మీదుగా, కొబ్బరి మట్టల సందులోంచి ఆయన చూపు తిన్నగా వెళ్ళి, సమీకృత కార్యాలయ భవనం కిటికీల్లో దూరింది.

"అద్భుతం! కుర్చీలు ఎంత స్పష్టంగా ఉన్నాయి! పై అంతస్తులో ఆ ఖాళీ కుర్చీ ఎవరిది?"

"నాదే సార్" అన్నారు విరూపాక్షంగారు. "తమరి సేవలో ఇక్కడ ఉన్నందున అక్కడ ఖాళీగా ఉన్నాను."

"మరి కిందివి? అన్నీ ఖాళీయే?"

విరూపాక్షంగారు దగ్గారు. "వారి శాఖల దూరదృష్టిపై నేను వ్యాఖ్యానించలేను సార్."

కమిషనరుగారు మురిసిపోయి, కేదారపేట అమరిక రాష్ట్రానికే ఆదర్శమని ప్రకటించి, దుర్భిణి ముందు ఏనాడూ, ఏ విధమైన తెరగాని అడ్డుగాని ఉండరాదని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చి వెళ్ళారు.

మరుసటి వారం నుంచి కథ ఇంకో దారి పట్టింది.

కొమ్మోజు కాసులమ్మ అని పక్క లంకలో కొబ్బరితోట ఉన్నావిడ, పాసుపుస్తకంలో తన పేరు 'కాసులయ్య' అని పడితే దిద్దించుకోవడానికి ఏడాదిగా సమీకృత కార్యాలయానికి తిరుగుతోంది. వచ్చినప్పుడల్లా సీట్లో ఎవరూ ఉండరు. ఆ రోజు బస్సు తప్పిపోయి, నీడకోసం మ్యూజియంలోకి వచ్చింది. నూకరాజు ఆవిణ్ణి దుర్భిణి దగ్గర కూచోబెట్టాడు. ఆవిడ చూసి, ఉలిక్కిపడి లేచింది.

"ఓరి నాయనో! ఆ సారు సీట్లో ఉన్నాడు!"

కొంగు బిగించి వంతెన మీదుగా పరుగెత్తింది. చేరేసరికి ఆయన టీకి వెళ్ళాడు. పాపం మళ్ళీ ఇటు వచ్చి కూలబడింది. కాని ఆ మాట మాత్రం సంతలో పాకింది. తెల్లారి మ్యూజియం ముందు జనం. బస్సు తప్పినవాళ్ళు తప్ప ఎన్నడూ ఎవరూ రాని ఆ సావిట్లో నిలబడే చోటు లేకపోయింది. ఒకడు దుర్భిణి దగ్గర కూచుంటాడు. వాడి తాలూకు మనిషి కాలువ అవతల మెట్ల మీద సెల్‌ఫోన్ చెవికి ఆనించి నిలబడతాడు.

"వచ్చాడ్రోయ్... కుర్చీ లాగాడు... కూకున్నాడు! ఎక్కెయ్యి, ఎక్కెయ్యి! ఆగాగు, లేస్తున్నాడు... లేదులే, గోక్కోడానికి లేచాడు. పరిగెట్టు!"

ఆఫీసు భవనంలో గగ్గోలు పుట్టింది. కర్టెన్లు వేద్దామంటే కమిషనరుగారి ఉత్తర్వు ఉంది. మొదట కుర్చీలకు కోట్లు తగిలించి చూశారు. కోటుకు తల లేదని జనం పసిగట్టారు. తరువాత సినిమా బొమ్మలు గీసేవాడిని పిలిపించి, చెక్క మీద ఉద్యోగుల బొమ్మలు గీయించి సీట్లలో నిలబెట్టారు. ఒకరోజంతా ఊరు మోసపోయింది. రెండోరోజు మధ్యాహ్నం నూకరాజు దుర్భిణి తుడుస్తూ చూసి, "మేడంగారూ, పొద్దుటి నుంచి ఆఫీసులో ఒక్కరూ ఆవలించలేదండి. ఏదో తేడాగా ఉంది" అన్నాడు. జనం వెళ్ళి చూస్తే ఉపసంచాలకులు పావు అంగుళం మందాన ఉన్నారు.

విరూపాక్షంగారు మంగతాయారును పిలిపించారు. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. బొమ్మల గుట్టు బయటపడ్డాక పదిరోజులుగా వరసగా సీట్లో కూచోవడం ఆయనకు అలవాటు లేదు.

"అమ్మా, ఆ దుర్భిణిని కొంచెం పక్కకు..."

"గురి చెడిపోతుందండి. మీరే సంతకం పెట్టారు."

"పోనీ ఆ కంతను పూడిస్తే?"

"అది తూటా పడిన చోటండి. ఎస్సైగారి కేసులో సాక్ష్యం."

"మీరు అమాయకులని అనుకున్నాను" అన్నారు నెమ్మదిగా. మొదటిసారి ఆయన నోట మామూలు మాట వచ్చింది.

పథకం ఆపడానికి వీల్లేదు. దానికి అప్పటికే ఒక జాతీయ పురస్కారం వచ్చింది. దుర్భిణిని కదపడానికి వీల్లేదు. కదపగలిగేది ఇక ఒక్కటే మిగిలింది. నెల తిరిగేసరికి సమీకృత కార్యాలయం మొత్తం బీరువాలతో, బల్లలతో, చెక్క ఉద్యోగులతో సహా ఊరవతల బియ్యం మిల్లు వెనక్కి తరలిపోయింది. అక్కడికి మిల్లు పొట్టు చేరుతుంది గాని దుర్భిణి చూపు చేరదు.

ఊరు ఉసూరుమంది. మంగతాయారుకు కూడా మనసు మనసులో లేదు. తుపాకి దక్కినందుకు సంబరపడాలో, జనం మళ్ళీ మొదటికొచ్చినందుకు బాధపడాలో తెలియలేదు. అంతలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. పర్యాటకులకు దుర్భిణిలో ఖాళీ భవనం కనబడుట పథకం ప్రతిష్ఠకు భంగకరమట. కావున క్యూరేటర్ శ్రీమతి మంగతాయారు ఆఫీసు వేళల్లో సదరు భవనం పై అంతస్తులో, కిటికీ ఎదుటి కుర్చీలో 'కనబడు విధులు' నిర్వర్తించవలెనట.

"కనబడు విధులంటే ఏం చెయ్యాలండి?" అని ఫోన్లో అడిగింది.

"కనబడాలి" అన్నారు విరూపాక్షంగారు, ఎక్కడో మిల్లు చప్పుడు మధ్య నుంచి.

తుపాకిని తుడిచే నూనె గుడ్డ నూకరాజు చేతికిచ్చి, చింతపండు జోలికి పోవద్దని ఒట్టు వేయించుకుని, ఆమె కాలువ దాటింది. ఖాళీ గదిలో ఆమె కోసమే తెచ్చి వేసిన ఒక బల్ల, ఒక కుర్చీ. కూచుంది. కాలువ అవతలి నుంచి ఎవరో కన్ను ఆనించి చూస్తున్నారన్న స్పృహతో వీపు నిటారుగా పెట్టింది. గోక్కోవాలనిపించినా ఓర్చుకుంది.

గంట కాకముందే మెట్ల మీద రొప్పు వినిపించింది. కాసులమ్మ!

"హమ్మయ్య, ఉన్నారు!" అంటూ ఆవిడ పాసుపుస్తకం బల్ల మీద పెట్టింది.

"కాసులమ్మగారూ, నేను మ్యూజియం మనిషినండి. పేర్లు దిద్దే అధికారం నాకు లేదు."

"అధికారం ఉన్నోళ్ళు సీట్లో లేరండి. మీరున్నారు. ఏడాదికి ఒక్క మనిషి దొరికారు, నన్ను ఒట్టి చేతుల్తో పంపకండి."

మంగతాయారు ఆవిడ ముఖం చూసింది. పమిట చెంగుతో చెమట తుడుచుకుంటూ, ఇంకో వంద మెట్లయినా ఎక్కడానికి సిద్ధంగా ఉంది ఆవిడ. మంగతాయారు సంచీలో వెంట తెచ్చుకున్న మ్యూజియం కాగితం, ముద్ర తీసి, తనకు చేతనైన ఒకే రకం సర్టిఫికెట్ రాసింది.

"ఇందుమూలముగా ధ్రువీకరించునది ఏమనగా, సదరు కొమ్మోజు కాసులమ్మను నేను స్వయముగా పరిశీలించితిని. ఈమె మొదటి నుండియు స్త్రీయే. అసలు వ్యక్తి. నకలు కాదు. పుట్టిన తరువాత ఎట్టి మార్పులుగాని, అతుకులుగాని, మరమ్మతులుగాని జరిగినట్లు ఆనవాళ్ళు లేవు." కింద సంతకం చేసి గుండ్రటి ముద్ర కొట్టింది.

కాసులమ్మ ఆ కాగితం పట్టుకుని బియ్యం మిల్లు వెనక్కి వెళ్ళింది. అక్కడి గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. సీట్లో ఉన్న అధికారి చేతి నుంచి వచ్చిన కాగితం అతను అంతవరకు చూసి ఉండలేదు. వెనకాల ఎవరో పెద్దవాళ్ళు ఉన్నారనుకుని హడలిపోయి, ఆ పూటే పేరు దిద్దేశాడు.

మర్నాడు మంగతాయారు కుర్చీలో కూచుందో లేదో ఫోన్ మోగింది. నూకరాజు.

"మేడంగారూ, కనబడుతున్నారండి, బ్రహ్మాండంగా. ఇక్కడ జనం వంతెన దాకా ఉన్నారు. ఒకాయన్ని రేషన్ కార్డులో చచ్చిపోయినట్టు రాశారటండి. బతికే ఉన్నట్టు మీరు రాయాలంట. బయల్దేరాడు. పొరపాటున కూడా లెగకండి!"

మంగతాయారు కిటికీ వైపు తిరిగి, దుర్భిణి ఉన్న దిక్కుకు అర్థమయ్యేలా తల ఊపి, కలం మూత తీసింది.